ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్

మదీనా నగరము రాజధానిగా రెండవ ఖలీఫా ఉమర్ అరబ్బుల సామ్రాజ్యమును పాలించుచుండిన కాలమది. ఆయన 634 నుండి 644 వరకు ఖలీఫాగా నుండెను. రాత్రివేళ సేవకునొకనిని వెంటబెట్టుకొని వీథుల వెంబడి తిరుగుచు ప్రజల కష్టసుఖములను స్వయముగా తెలిసికొనుట ఆయనకు అలవాటు. ఒకనాటి రాత్రి అట్లు తిరిగి తిరిగి అలసి ఒక పేదయింటి గోడకు చేరగిలబడెను. లోపల తల్లీ కూతుళ్లు మాటలాడుకొనుచుండిరి. తెల్లవారగనే అమ్మవలసిన పాలలో కొంత నీరు కలుపుమని తల్లి కూతురిని తొందరపెట్టుచుండెను. అట్లు చేయరాదని ఖలీఫా చాటింపు వేయించిన సంగతిని కూతురు గుర్తుచేసెను. ఈ చీకటిలో ఖలీఫా చూడవచ్చునా యని తల్లి వాదించెను. ఖలీఫా చూడకపోయినను దేవుడు చూచుచునే యుండునని చెప్పి ఆ పిల్ల నీరు ముట్టలేదు.

పాలలో నీరు కలుపుట దొంగతనమని పెక్కుమంది భావింపరు. గోడకు కన్నము వేసినవాడే దొంగయని లోకము తలచును. కాని పాలవెల పుచ్చుకొని నీరు పోసినవాడు కొనువాని సంచిలోనుండి కాసు తీసినవానికంటె మేలైనవాడు కాడు. ఉమర్ ఈ సంగతి ఎరిగినవాడు. మరునాడు ఆయన ఆ ఇంటివారి వివరములు తెలిసికొని తన కుమారుడగు ఆసిమునకు ఆ పిల్లను ఇచ్చి వివాహము చేయించెను. ధనముగాని వంశముగాని ఆయన విచారింపలేదు. ఆ దంపతులకు పుట్టిన కుమార్తె ఉమ్మె ఆసిమ్. ఆమె కడుపున పుట్టినవాడే ఈ కథానాయకుడగు ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. తాతగారి తండ్రి పేరే ఇతనికి పెట్టిరి. కావుననే చరిత్రకారులు ఇతనిని రెండవ ఉమర్ అని వ్యవహరింతురు.

తండ్రి వైపున ఇతడు ఉమయ్యద్ రాజవంశమునకు చెందినవాడు. తండ్రి అబ్దుల్ అజీజ్ ఇరువది సంవత్సరములు ఈజిప్టు దేశమునకు అధిపతిగా నుండెను. పెదతండ్రి అబ్దుల్ మలిక్ దమాస్కసు నగరమున ఖలీఫా. క్రీస్తుశకము 680 ప్రాంతమున జన్మించిన ఉమరును తండ్రి విద్యాభ్యాసమునకై మదీనా నగరమునకు పంపెను. సాలిహ్ బిన్ కైసాన్ అను పండితుడు అతనికి గురువు. ఒకనాడు బాలుడు నమాజు వేళకు ఆలస్యముగా వచ్చెను. దాసి తల దువ్వుచుండుటచే ఆలస్యమైనదని తెలిసి గురువు ఆ సంగతిని ఈజిప్టునకు వ్రాసి పంపెను. తండ్రి మారుమాట లేక ఒక మనుష్యుని పంపి కొడుకు తల గొరిగించెను.

అయినను పడుచుతనమున ఉమర్ విలాసపురుషుడుగనే పేరు పొందెను. విలువగల పట్టువస్త్రములు ధరించువాడు. అతడు నడచిన త్రోవలో కస్తూరి పరిమళము గుబాళించెడిదట. పెదతండ్రి కుమార్తె ఫాతిమాను వివాహమాడెను. ఆమె తండ్రి ఖలీఫా, సోదరులు నలుగురు ఒకరి వెనుక ఒకరు ఖలీఫాలైరి. ఇట్టి భాగ్యము ఏ స్త్రీకి కలిగినదని ఆ కాలపువారు చెప్పుకొనుచుండిరి.

706వ సంవత్సరమున ఖలీఫా వలీద్ అతనిని మదీనా పాలకునిగా నియమించెను. ముప్పది ఒంటెల మీద సామాను వేసికొని వెళ్లెనని చెప్పుదురు. కాని పదవిలో కూర్చుండగనే నగరమందలి పదిమంది ధర్మశాస్త్ర పండితులను పిలిపించి, వారి ఆలోచన లేక ఏ పనియు చేయనని మాట ఇచ్చెను. ప్రవక్త మసీదును విశాలము చేసి కట్టించెను. ఆ దినములలోనే ఆయన చేతిమీదుగా ఒక అకార్యమును జరిగెను. వలీదు ఆజ్ఞను శిరసావహించి ఖుబైబ్ అను పెద్దమనుష్యుని కొరడాలతో కొట్టించి, చలికాలమున చన్నీళ్లు పోయించగా అతడు ప్రాణము విడిచెను. ఆజ్ఞ పైనుండి వచ్చినదని ఉమర్ తన్ను తాను సమాధానపరచుకొనలేదు. ఆ బాధ జీవితాంతము ఆయనను విడువలేదు. 712లో ఇరాకు పాలకుడగు హజ్జాజ్ చెప్పిన చాడీల వలన ఆ పదవి పోయెను.

వలీదు తరువాత సులేమాన్ ఖలీఫా అయ్యెను. ఆయన సైన్యములు 717లో కాన్‌స్టాంటినోపిలు నగరమును ముట్టడించియుండగా ఆయన ఉత్తర సిరియాలోని దాబిక్ వద్ద విడిదిచేసి అక్కడనే జబ్బుపడెను. పెద్దకొడుకు అప్పటికే చనిపోయెను. రజా బిన్ హైవా అను మంత్రి హితము చెప్పగా ఖలీఫా పినతండ్రి కొడుకైన ఉమర్ పేరు వ్రాసి, కాగితమునకు ముద్రవేసెను. లోపల ఎవరి పేరున్నదో తెలియకయే రాజబంధువులందరు ప్రమాణము చేసిరి. సులేమాన్ కన్నుమూసిన పిదప మసీదులో ముద్ర విప్పి చదివిరి. ఆ పేరు విని ఎక్కువగా తల్లడిల్లినవాడు ఉమరే.

సమాధి కార్యము ముగించి తిరిగి వచ్చుసరికి రాజలాయము నుండి అలంకరించిన గుర్రములను తెచ్చి నిలిపిరి. ఆయన వానిని అమ్మించి సొమ్మును ప్రభుత్వ ధనాగారమున చేర్పించి, తన పాత కంచరగాడిదనే ఎక్కెను. ఈ ధనాగారమునకు అరబ్బీ భాషలో బైతుల్‌మాల్ అని పేరు. అందలి ధనము రాజుది కాదు, ప్రజలందరిది. ఖలీఫా దానికి కావలివాడు మాత్రమే. శాస్త్రము అట్లున్నను అప్పటికి ఆచారము వేరుగా నుండెను. రాజవంశీయులు ఎవరికి తోచిన భూములను వారు ఆక్రమించిరి. ఖలీఫాలు తమవారికి జాగీరులు వ్రాసి ఇచ్చిరి. అడిగిన పేదవానికి దిక్కు లేకపోయెను.

ఇచ్చట ఇస్లాము ధర్మము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో కొంత తెలిసికొనవలెను. దొంగిలించినవానికి ఖురాను విధించు శిక్ష మిక్కిలి కఠినమైనది, చేయి ఖండించుట. కాని ఆ శిక్షకు పండితులు అనేక నియమములు ఏర్పరచిరి. సొమ్ము అల్పమైనది కారాదు. భద్రపరచినచోటి నుండి తీసినదై యుండవలెను. ఆకలిచే ప్రాణము నిలుపుకొనుటకు తీసికొన్నవానికి ఈ శిక్ష లేదు. మొదటి ఉమర్ కాలమున, 639లో, గొప్ప కరువు వచ్చినప్పుడు ఆయన ఈ శిక్షను నిలిపివేసెను. మరియొకప్పుడు హాతిబ్ అనువాని దాసులు పరుల ఒంటెను దొంగిలించి కోసికొని తినిరి. విచారింపగా యజమానుడు వారికి కడుపునిండ అన్నము పెట్టుటలేదని తేలెను. ఖలీఫా దాసులను విడిచిపెట్టి, ఒంటె వెల 400 దిర్హములు కాగా యజమానుని చేత 800 దిర్హములు కట్టించెను. దొంగను పట్టుట అందరును చేయుదురు. దొంగతనము ఎక్కడ పుట్టినదో వెదకుట కొందరికే తెలియును.

పేదవాని దొంగతనమునకు ఒక ధర్మము, గొప్పవాని దొంగతనమునకు మరియొక ధర్మము ఉండరాదని మహమ్మదు ప్రవక్త గట్టిగా బోధించెను. ఉన్నతకుటుంబమునకు చెందిన ఒక స్త్రీ దొంగతనము చేయగా ఆమెను కాపాడుటకై కొందరు మధ్యవర్తిని పంపిరి. అప్పుడు ప్రవక్త కోపించి, ఆ తప్పు తన కన్నకూతురు చేసినను శిక్ష తప్పదని స్పష్టముగా చెప్పెను. ఇతరుల నేలను జానెడైనను అన్యాయముగా కలుపుకొన్నవానికి పరలోకమున ఆ నేల ఏడు పొరలతో కంఠమునకు గుదిబండయగునని కూడ ఆయన హెచ్చరించెను. అన్యాయముగా తీసికొన్న సొమ్ము ఎంత పశ్చాత్తాపపడినను తనది కాదు. దానిని సొంతదారునకు చేర్చినప్పుడే పాపము తొలగునని ధర్మవేత్తలు నిర్ణయించిరి.

ఉమర్ పట్టుకొన్నది ఈ చివరి మాటనే. దోచినవారు తనవారు. దోచిన సొత్తులో కొంత తన పేరనే యున్నది. సులేమానును సమాధిచేసి వచ్చిన నాడే ఆయన అలసి మధ్యాహ్నము కొంతసేపు నిద్రింపబోగా, కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చి, సొత్తులను తిరిగి ఇవ్వకయే నిద్రించుట తగునా యని అడిగెను. సాయంకాలము చేసెదనని తండ్రి చెప్పెను. సాయంకాలము వరకు బ్రతికియుండుటకు పూచీ ఎవరని ఆ యువకుడు మరల అడిగెను. తండ్రి లేచి కొడుకును దగ్గరకు తీసికొని నుదుట ముద్దుపెట్టుకొనెను. ఆనాడు ఆయన నిద్రపోలేదు.

ముందుగా తన సొత్తుతోనే ఆరంభించెను. ప్రజలను మసీదునకు పిలిపించి, తనకు దక్కిన జాగీరుల దస్తావేజులను పెట్టెలో తెప్పించెను. సేవకుడు ముజాహిమ్ ఒక్కొక్కటి చదువుచుండగా ఉమర్ కత్తెర పుచ్చుకొని దానిని ముక్కలు చేయుచు మధ్యాహ్నము వరకు కూర్చుండెను. వలీదు ఇచ్చిన ఉంగరపు రాయిని కూడ ధనాగారమున చేర్చెను. ప్రవక్త కాలము నుండి ధర్మకార్యములకు వినియోగింపబడిన ఫదక్ తోటలు చేతులు మారి తనకు వచ్చియుండెను. వానిని పూర్వపు స్థితికే మరల్చెను. తరువాత ఇంటికి వెళ్లి భార్యతో మాటలాడెను. ఫాతిమాకు ఆమె తండ్రి ఇచ్చిన అపురూపమైన నగలుండెను. వానిని ధనాగారమునకు ఇచ్చుటయో, తనను విడిచి వెళ్లుటయో నిర్ణయించుకొమ్మని భర్త కోరెను. ఖలీఫా కూతురై, ఖలీఫాల సోదరియై పెరిగిన ఆమె ఒక్క క్షణమైన సందేహింపక నగలనే ఇచ్చివేసెను. ఇట్లు చేయుట ఎంత కష్టమో నగపెట్టె చూచినవారికి తెలియును.

తన ఇల్లు శుభ్రమైన పిమ్మట రాజబంధువుల వంతు వచ్చెను. హిమ్స్ నగరము నుండి ఒక వృద్ధుడు వచ్చి, తన భూమిని వలీదు కుమారుడగు అబ్బాస్ లాగుకొన్నాడని మొరపెట్టెను. ఆ వృద్ధుడు ముస్లిము కాడు. అబ్బాస్ ఆ సభలోనే యుండెను. తన తండ్రి వ్రాసి ఇచ్చిన పట్టా యున్నదని అతడు చూపెను. దేవుని గ్రంథమా, వలీదు గ్రంథమా, ఏది పాటింపదగినదను ప్రశ్నయే ఉమరునకు తోచెను. భూమి వృద్ధునకు చేరెను.

ఇట్టి తీర్పులు పెరుగుకొలది బంధువుల కోపమును పెరిగెను. వారు తాము మాటలాడ వెరచి మేనత్తను పంపిరి. ఆమె యనిన ఉమరునకు గౌరవము. అప్పుడు ఆయన మాటలతో వాదింపక ఒక దీనారమును, కొంత మాంసమును, నిప్పుల కుంపటిని తెప్పించెను. నాణెమును ఎఱ్ఱగా కాల్చి మాంసము మీద వేయగా అది చుయ్యిమని మాడెను. అట్టి వేదన తన మేనల్లునికి పరలోకమున కలుగకుండుట ఆమెకు ఇష్టము కాదా యని అడిగెను. ఆమె మరేమియు చెప్పక లేచిపోయెను.

దూరదేశముల వారికి సైతము ఈ వార్త పాకెను. మధ్య ఆసియాలోని సమర్కందు నగరమును ఖుతైబా అను సేనాని 712లో పట్టుకొనెను. అతడు మాట తప్పి తమ పట్టణమును ఆక్రమించెనని పౌరులు ఉమరునకు విన్నవించుకొనిరి. ఒక ఖాజీని నియమించి విచారింపుమని ఆయన ఆజ్ఞాపించెను. గెలిచినవాడు తన సైన్యము మీదనే న్యాయవిచారణ జరిపించుట చరిత్రలో అరుదు. అరబ్బు సైన్యము కోట విడిచి వెలుపలికి పోవలెననియు, తరువాత సంధియో యుద్ధమో సమానముగా జరుగవలెననియు ఖాజీ తీర్పు చెప్పెను. మరల యుద్ధమన్న భయముచే నగరవాసులే ఉన్నది ఉన్నట్లుండనిమ్మని కోరిరి. దమాస్కసులో వలీదు మసీదులో కలిపివేసిన చర్చిని గూర్చి క్రైస్తవులు మొరపెట్టగా, ఉమర్ దానిని తిరిగి ఇచ్చుటకే సిద్ధపడెను. కట్టిన మసీదు పోవునని ముస్లిములు కలవరపడిరి. చివరకు పట్టణపు చుట్టుపట్ల తోటలలో స్వాధీనము చేసికొన్న చర్చీలన్నిటిని క్రైస్తవులకు విడిచిపెట్టు ఒడంబడికతో ఆ తగవు తీరెను. అయితే ఆయన శాసనములన్నియు ఇంత ఉదారమైనవి కావు. ముస్లిములు కానివారిని ఉద్యోగముల నుండి తొలగింపుమనియు, వారి వేషమునకు కట్టుబాట్లు ఉండవలెననియు ఆజ్ఞాపించినట్లు గ్రంథములు చెప్పుచున్నవి. ఈ మాట దాచుట న్యాయము కాదు.

మోసులు నగరమున దొంగతనములు, కన్నములు మితిమీరియుండెను. అక్కడికి క్రొత్తగా వెళ్లిన అధికారికి సందేహము కలిగెను. అనుమానము మీద మనుష్యులను పట్టి కొట్టింపవచ్చునా, సాక్ష్యము దొరకువరకు ఆగవలెనా యని ఖలీఫాకు వ్రాసెను. సాక్ష్యము లేక ఎవరిని ముట్టరాదనియు, న్యాయముచే బాగుపడనివారిని దేవుడు బాగుపరుపనక్కరలేదనియు ఉమర్ జవాబు పంపెను. అధికారి అట్లే చేసెను. అతడు ఆ పదవి విడిచి వచ్చునాటికి దొంగతనములు మిక్కిలి తక్కువగా నుండు పట్టణములలో మోసులు ఒకటియై యుండెను. మరియొక అధికారి తన పట్టణమునకు ప్రాకారము కట్టుకొనుటకు ధనము కోరగా, న్యాయమే దానికి ప్రాకారమనియు వీథులలోని అన్యాయమును ఊడ్చివేయుమనియు వ్రాసెను.

ప్రభుత్వ ధనము విషయమున ఆయన పట్టుదల చూచినవారికి కొంత వింతగా తోచెడిది. రాత్రి ప్రభుత్వ కార్యములు చూచునంతసేపు ప్రభుత్వ దీపము వెలుగును. సొంతమాటలు రాగానే దానిని ఆర్పి, తన నూనెతో వెలుగు చిన్నదీపమును తెప్పించును. ధనాగారమునకు వచ్చిన కస్తూరిని తూచుచుండగా ముక్కు మూసికొనెను. కస్తూరికి వాసనగాక వేరు ప్రయోజనమేమున్నది? ఒకప్పుడు త్రోవలో కస్తూరి గుబాళింప నడచినవాడే ఈయన. చలికాలమున సేవకుడు నిత్యము వేడినీళ్లు తెచ్చుచుండెను. నెల గడచిన తరువాత ఆ నీరు పేదలకై నడుపు వంటశాల పొయ్యి మీద కాగుచున్నదని తెలిసి, నెలకగు కట్టెల వెల లెక్కకట్టి అక్కడ చెల్లించెను. తేనె తినవలెనని ఆయనకు ఒకనాడు కోరిక కలుగగా, ఫాతిమా ప్రభుత్వపు టపా గుర్రము మీద మనిషిని పంపి తెప్పించెను. అది తెలిసి ఆయన తేనెను అమ్మించి, కొన్న వెల భార్యకు ఇచ్చి, లాభమును గుర్రపు మేతకై ధనాగారమున చేర్పించెను. వ్రాతకు కాగితములు చాలలేదని మదీనా పాలకుడు వ్రాయగా, కలము మొన సన్నముగా చెక్కి పంక్తులు దగ్గరగా వ్రాయుమని బదులిచ్చెను.

ఇవి చిన్న చిన్న విషయములు. కాని పాలకుడు ఒక దీపపు నూనెను లెక్కించుచున్నాడని తెలిసినప్పుడు క్రింది ఉద్యోగి మూటలు కట్టుకొనుటకు వెనుకాడును. ఇస్లాము స్వీకరించిన పరదేశీయుల నుండి కూడ అధికారులు జిజియా పన్ను వసూలు చేయుచుండగా ఉమర్ మాన్పించెను. రాబడి తగ్గునని వారు గగ్గోలు పెట్టిరి. ప్రవక్త ధర్మము చెప్పుటకు పంపబడెను గాని పన్నులు వసూలు చేయుటకు కాదని ఆయన సమాధానము. కాన్‌స్టాంటినోపిలు వద్ద ఆకలితో మాడుచున్న సైన్యమునకు ఆహారమును పశువులను పంపి, 718లో వెనుకకు రప్పించెను. ఉత్తర ఆఫ్రికాలో జకాతు ధనము పంచబోయిన ఉద్యోగికి పుచ్చుకొను పేదలు కనబడకపోగా, ఆ ధనముతో దాసులను కొని విడిపించినాడని ఒక వృత్తాంతము కలదు.

ఈ పాలన రెండున్నర సంవత్సరములు కూడ నిండలేదు. నడిపించిన కొడుకు అబ్దుల్ మలిక్ తండ్రికంటె ముందే మరణించెను. 720వ సంవత్సరము ఆరంభమున ఉమర్ జబ్బుపడెను. బంధువులే విషము పెట్టించిరని జనులు చెప్పుకొనిరి. ఒక సేవకుడు నేరము ఒప్పుకొనగా, ఆ పనికి ఎంత లభించినదని ఉమర్ అడిగెనట. 1,000 దీనారములని అతడు చెప్పెను. ఆ సొమ్మును తెప్పించి ధనాగారమున వేయించి, ఎవరి కంటను పడక పారిపొమ్మని అతనిని విడిచిపెట్టెను. జబ్బులో చూడవచ్చిన బావమరది మస్లమా, రోగి ఒంటిమీది చొక్కా మాసియుండుట చూచి దానిని ఉతికింపుమని సోదరితో చెప్పెను. మరునాడు వచ్చినప్పుడును అదియే చొక్కా. కోపించిన సోదరునకు ఫాతిమా భర్తకు వేరొక చొక్కా లేదని తెలిపెను. అప్పటికి ఆయన మూడు ఖండములందు వ్యాపించిన సామ్రాజ్యమునకు అధిపతి.

ఆయన మరణించినది సిరియాలోని దైర్ సిమ్ఆన్ అను చోట. అక్కడి నేల ఒక క్రైస్తవమఠము వారిది. తన్ను పూడ్చుటకు కావలసినంత నేలను ఆయన బ్రతికియుండగనే కొనగోరెను. వారు ఊరకయే ఇత్తుమని, తమకు అది గౌరవమని చెప్పిరి. ఆయన ఒప్పుకొనక వెల చెల్లించిన తరువాతనే సమ్మతించెను. ముప్పదియైదు నలువది యేండ్ల నడుమనే ఆయుర్దాయము ముగిసెను. ముప్పది సంవత్సరములకు, 750లో, అబ్బాసీయులు ఉమయ్యదులను కూలద్రోసి వారి ఖలీఫాల సమాధులను త్రవ్వి పాడుచేసిరి. ఉమర్ సమాధిని మాత్రము వారు ముట్టలేదు.

ఆయన తరువాత ఫాతిమా సోదరుడగు యజీద్ ఖలీఫా అయ్యెను. నగలు ధనాగారమున చెక్కుచెదరక యుండెను. సోదరి పేదరికము చూచి వానిని తిరిగి పుచ్చుకొమ్మని అతడు కోరెను. భర్త బ్రతికియుండగా విడిచిన దానిని ఆయన మరణించిన పిదప తీసికొనుటకు ఆమె అంగీకరింపలేదు. యజీద్ ఆ నగలను తన ఇంటి స్త్రీలకు పంచిపెట్టుచుండగా ఫాతిమా చూచుచు ఊరకుండెను.